మాస్టారి చేప, మా రొయ్య

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన మొదటి వేసవిలో నన్ను భీమవరం నుంచి కాకినాడకు బదిలీ చేశారు. అప్పటికి నేను మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుని. అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరుకు పైన, అసిస్టెంట్ డైరెక్టరుకు కింద ఉండే హోదా అది. సర్వీసులో ఎక్కువ భాగం రొయ్యల చెరువు గట్ల మీదే గడిచింది. నీటి నమూనాలు తీయడం, తెల్లమచ్చ తెగులు సోకిన చెరువును ముందుగా గుర్తించడం, ఆ మాట రైతుకు నచ్చజెప్పడం నా పని. కాకినాడలో అప్పగించింది వేరు. అక్కడ సందర్శకుల కోసం కట్టిన చిన్న సముద్రపు అక్వేరియం చాలాకాలంగా మూతపడి ఉంది. దాన్ని బాగుచేసి మళ్లీ తెరవాలి. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషికి తేలిక పని అనుకుని ఇచ్చారేమో తెలియదు. నాకు మాత్రం చేరిన మొదటి వారంలోనే అది తేలిక కాదని తెలిసింది.

గేటు దాటి లోపలికి రాగానే కనిపించే ట్యాంకులో ఒక జంటను పెట్టాలని మా డిప్యూటీ డైరెక్టరు గారు నిర్ణయించారు. ఆ జంటలో ఒకటి రొయ్య, రెండోది చేప. రొయ్యకు ఒక ముందుకాలు బాగా లావుగా ఉంటుంది. దాంతో చిటికె వేసినట్టు చప్పుడు చేస్తుంది కనుక మేము దాన్ని చిటికెల రొయ్య అనేవాళ్లం. దానికి చూపు బహు తక్కువ. పగలంతా ఇసుకలో బొరియ తవ్వుతూనే ఉంటుంది. చేప గోబీ. మన కాలువల్లో దొరికే ఇసుకదొందు కుటుంబానిదే. అది బొరియ ముందు కాపలా కూర్చుంటుంది. రొయ్య బయటికొచ్చినంతసేపూ తన మీసం ఒకటి చేప తోక మీద ఆనించి ఉంచుతుంది. అపాయం కనిపిస్తే చేప తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి జారుకుంటుంది. ఇల్లు రొయ్యది, చూపు చేపది.

గోబీ కొనుగోలుకు నేను పెట్టిన ఫైలు అకౌంట్స్ సెక్షను నుంచి ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. క్యాంటీను సరుకులు అక్వేరియం పద్దులో ఎలా రాస్తారని. గోబీ అంటే క్యాలీఫ్లవర్ కాదని వివరణ రాసి పంపాను.

గోబీలన్నీ ఒకటి కావు. ఎంపికలో మొదట చూడాల్సింది సైజు. రొయ్య తవ్విన బొరియలో చేప కూడా పట్టాలి, రొయ్య తోసే గులకరాళ్లకు బెదిరిపోకూడదు. తరవాత స్వభావం. కొన్ని రకాలు నీడ కదిలినా లోపలికి దూరిపోయి రోజంతా బయటికి రావు. డిప్యూటీ డైరెక్టరు గారు ఫొటో చూసి ముచ్చటపడింది తెల్లటి ఒంటి మీద ఎర్ర చారలు, వీపు మీద జెండాలాంటి రెక్క ఉన్న సన్నటి రకం. చెన్నై వ్యాపారి దగ్గర్నుంచి దాన్నే తెప్పించాం. రొయ్య మా దగ్గర అప్పటికే ఉంది, బాగా ఎదిగినది. అది రాళ్లు తోస్తుంటే ఆ చేప తట్టుకోలేక పంపు వెనక దాక్కుంది, మేత ముట్టలేదు. దాన్ని తీసి వేరే ట్యాంకులోకి మార్చాం. ప్రారంభోత్సవం దగ్గరపడుతోంది, ముందు ట్యాంకులో రంగు కోసం వేసిన కొన్ని నీలం చేపలు, ఇసుక కుప్ప తప్ప ఏమీ కనిపించడం లేదు.

ఆ సమయంలో రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది. దయానందం గారని, రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. ఇంట్లో చాలా ఏళ్లుగా ఉప్పునీటి ట్యాంకు పెంచుతున్నారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఉప్పు కలిపిన నీళ్ల బకెట్లు మోసి నీరు మార్చడం ఇక ఆయన వల్ల కావడం లేదు, ఆయన భార్య సుగుణమ్మ గారికి నడుంనొప్పి. మిగతా చేపల్ని తెలిసినవాళ్లకి ఇచ్చేశారు. పసుపుపచ్చ గోబీ ఒకటి మిగిలింది, దాన్ని మేం తీసుకుంటామా అని అడిగారు. దాని జోడు రొయ్య కుబుసం విడిచే సమయంలో చనిపోయింది.

మా అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరు రమణతో కలిసి రాజమండ్రి వెళ్లాను. చేప నాకు పనికొస్తుందో లేదో చూద్దామనే వెళ్లాను. అక్కడ పరీక్ష నాకే జరిగింది. మాస్టారు వాలుకుర్చీలోంచి ఒక్కొక్కటే అడిగారు. ఇసుక ఎంత లోతు వేశారు, అందులో గవ్వముక్కలు కలిపారా, మూతకి సందులున్నాయా, ఆ ట్యాంకులో ఇంకెవరున్నారు. నీలం డామ్సెల్ చేపలు కొన్ని ఉన్నాయన్నాను. ఆయన మొహం చిట్లించి తరవాతి ప్రశ్నకు వెళ్లారు. చేప మాత్రం సరిగ్గా నేను వెతుకుతున్నదే. చూపుడువేలంత నిడివి, బలమైన ఒళ్లు, మనిషి దగ్గరికొచ్చినా కదలని తీరు. పైగా ఒకసారి రొయ్యతో కాపురం చేసినది.

బయల్దేరేటప్పుడు సుగుణమ్మ గారు గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అన్నారు.

“మేడమ్ గారూ, ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదండి. ఆ చేప ముందే కూర్చునేవారు. దానికేమైనా అయితే ఆయనకి చెప్పొద్దు. ముందు నాకు ఫోన్ చెయ్యండి.”

ఆక్సిజన్ నింపిన కవరులో చేపను పెట్టి, ఆ కవరు థర్మోకోల్ పెట్టెలో ఉంచి, ఎండ ముదరక ముందే ద్వారపూడి దాటించాం. కొత్తగా వచ్చిన ఏ చేపనైనా కొన్నాళ్లు విడి ట్యాంకులో ఉంచి తెగుళ్లేమీ లేవని తేల్చుకోవడం పద్ధతి. అది పూర్తిచేశాకే, మా ట్యాంకు నీటిని సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా కలుపుతూ దానికి అలవాటు చేసి, పెద్ద ట్యాంకులోకి వదిలాం.

అది రొయ్య వైపు వెళ్లనే లేదు. ఎదుటి మూల అద్దానికి ఆనుకుని ఉండిపోయింది. మేత కళ్లముందే పడినా ముట్టలేదు, పొట్ట లోపలికి పోయింది. సుగుణమ్మ గారికి ఫోన్ చెయ్యాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగా మాస్టారే చేశారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అన్నారు.

“దానికి జబ్బేమీ లేదండి. అది బొరియ వైపు కదిలినప్పుడు ఆ నీలం చేపలు ఏం చేస్తున్నాయో ఒకసారి చూడండి.”

కుర్చీ వేసుకుని చూశాను. గోబీ జానెడు దూరం జరిగిందో లేదో, డామ్సెల్ ఒకటి రాళ్లలోంచి దూసుకొచ్చి దాన్ని మూలకి తరిమింది. పట్టించుకుని చూస్తే ప్రతిసారీ అదే జరుగుతోంది. వాటిని తీసేయాలి. వలతో పట్టాలంటే రాళ్లు ఎత్తాలి. రాళ్లెత్తితే వాటి కిందున్న బొరియ కూలి రొయ్య నలిగిపోతుంది. రమణ ఒక ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి బిగించి, లోపల మేత వేసి దించడానికి సిద్ధం చేశాడు. లోపలికి వెళ్లిన చేప బయటికి రాలేని బోను అది. మా జాలర్లు కర్రపుల్లలతో అల్లే మావులనే చేపల బుట్టల పద్ధతే.

డిప్యూటీ డైరెక్టరు గారి అనుమతి ఇంకా మిగిలింది. ట్యాంకులో రంగుగా కనిపించేవి ఆ నీలం చేపలే. అవి కూడా తీసేస్తే ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలకి ఏం చూపిస్తారని ఆయన అడిగారు. ఒకవేళ ఏమీ కనిపించకపోతే తప్పు నాదని రాసిస్తానన్నాను. ఆయన నా వైపు చూసి, “రాసివ్వక్కర్లేదండి. తీసేయండి. అడిగితే నేను చెప్పుకుంటాను” అన్నారు. పై అధికారి నోట అంత సూటిగా వచ్చిన మాట నా సర్వీసులో చాలా అరుదు. ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

నీలం చేపలన్నీ సీసాలో పడ్డాయి గానీ, ప్రారంభోత్సవం నాడు ముందు ట్యాంకు బోసిగానే ఉంది. పెద్దలు ఒక నిమిషం ఇసుకను చూసి ముందుకి నడిచారు. డిప్యూటీ డైరెక్టరు గారు ఇచ్చిన మాట ప్రకారం, ఇది ఓపిక పట్టాల్సిన ట్యాంకని చెప్పి ఊరుకున్నారు.

ఆ వారం చివర్లో ఒక ఉదయం రమణ వచ్చి, చప్పుడు చెయ్యకుండా రమ్మని చేత్తో సైగ చేశాడు. బొరియ ముందు పసుపు చేప కూర్చుని ఉంది. రొయ్య బుల్డోజరులా గులకరాళ్లు తోసుకుంటూ బయటికొచ్చింది. దాని మీసం చేప తోక మీద ఉంది. మేత వేస్తే చేప అందుకుని మింగింది. ఈసారి నేను మాస్టారికే ఫోన్ చేశాను.

మరునాడే దంపతులిద్దరూ కారు మాట్లాడుకుని వచ్చారు. ట్యాంకు ముందు కుర్చీ వేస్తే మాస్టారు కూర్చుని చాలాసేపు చూశారు. కళ్లు తుడుచుకుంటారేమో అనుకున్నాను. ఆయన ఇసుక ఇంకో రెండంగుళాలు వెయ్యొచ్చన్నారు. అంతలో పెద్దాపురం నుంచి వచ్చిన ఒకావిడ ఇందులో ఏముందండీ, ఏమీ లేదేంటి అని అడిగింది. మాస్టారు ఎడమచేత్తో కర్ర ఎత్తి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. మాట కొంచెం తడబడుతున్నా క్లాసురూములో పాఠం చెప్పినట్టే చెప్పారు. ఆవిడ వెనక ఇంకో నలుగురు చేరారు. సుగుణమ్మ గారు స్తంభం పక్కన నిలబడి వింటున్నారు.

“శనివారాలు రమ్మంటారా?” అని వెళ్లేటప్పుడు నన్నడిగారాయన. గుర్తింపు కార్డు ఇప్పించాను. నేను రిటైరయ్యేదాకా ఆయన రాని శనివారాలు తక్కువ.

ఈ పనిలోకి రాబోయేవారికి నేను చెప్పగలిగింది ఇది. రెండు ప్రాణుల్ని జత కలపడం మన చేతిలో లేదు. సరైన సైజు చేపను ఎంచుకోవడం, సరిపడా ఇసుక వెయ్యడం, వాటి మధ్యకి వచ్చేదాన్ని తొలగించడం వరకే మన పని. ఆ తరవాత చెయ్యి నీళ్లలో పెట్టకుండా ఉండాలి. అంతవరకు మన వెనక నిలబడే పై అధికారి ఒకరు, తెలిసింది దాచుకోకుండా చెప్పేవారు ఒకరు కావాలి. నాకు ఇద్దరూ దొరికారు.