సున్నా అడుగులు

హొసకోటె బస్సులో పక్క సీటు పెద్దాయన తన చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్ విప్పి ఇచ్చాడు. "టైము తప్పు చూపిస్తాండాదప్పా, సరిచేస్తావా? నా కూతురిది. పోయిన నెల చనిపాయ."

దాన్ని నా ఫోనుకు కలిపాను. ఫోను ఏదో అడిగింది. ఆఫీసు అలవాటుకొద్దీ చదవకుండానే ఓకే నొక్కాను. టైము సరిపోయింది.

ఆయన తీసుకుని తెరను రెండుసార్లు పక్కకు జరిపాడు.

"పాప ఆఖరి దినం నడిచిన అడుగులు ఈడ ఉండె కదప్పా, యాడికి పాయ?"

అక్కడ సున్నా ఉంది. పాతవన్నీ చెరిగిపోయాయని చెప్పాను. చాలాసేపు దాన్నే చూశాడు. దిగబోతూ నా భుజం తట్టాడు. "పోనీలేప్పా, టైము సరిగ్గా ఉండాది."

ఆ బ్యాండ్ పేరు ఇంకా నా ఫోనులోనే ఉంది. తీసేద్దామని తాకితే, తీసేయాలా అని ఫోను అడుగుతుంది. ఓకే నొక్కలేకపోతున్నాను.