సావుకారికి నేనేసిన మార్కులు

రెండు వేల ఇరవై ఐదు, ఎండకాలం. సిరవార మిల్లులకు రెండో పంట వడ్లు పడుతున్న దినాలు. ఆ వారంల నేను తిట్టగూడని మనిషిని తిట్టిన, మొక్కగూడనిదానికి మొక్కిన. ఎట్లయిందో నాకే ఇంకా సరిగ్గ అంతుబట్టలేదు. అయినా చెప్త, చాయ్ చల్లారకముందే వినుండ్రి.

నేను మార్కెట్ యార్డుల హమాలి పని చేసినోన్ని. మోకాళ్లు మొండికేసేదాక బస్తాలు మోసిన. బస్తా భుజం మీద పెట్టుకొని కాటా రూము ముందర నుంచి పోయినప్పుడల్లా లోపలికి చూస్తుంటి. ఫ్యాను కింద కుర్చీ. కుర్చీల ఒక మనిషి. లారీ కాటా ఎక్కంగనే తూకం చూసి చీటీ రాస్తుంటడు. నేను గూడ రాత్రి బడిల అక్షరాలు నేర్చిన. మాది కన్నడ సీమ గనుక నేర్పింది కన్నడ. తెలుగు అక్షరాలు వాటికి అన్నదమ్ములే గద, అవీ వచ్చేసినయి. కానీ నేర్చిందానితోని సంతకం తప్ప ఏం రాయలే. ఒక్కనాడన్న అసొంటి కుర్చీల కూసొని నా చేత్తోని చీటీ రాయాలె. అంతకన్న పెద్ద కోరిక నాకు లేకుండె.

ఆ ఎండకాలంల మా ఊరి బయటి రైస్ మిల్లుకు కాటా రాసే మనిషి గావాలని కబురొచ్చింది. దర్ఖాస్తు వాట్సాప్‌ల పంపాలెనట. ఆ మిల్లు సావుకారు కాలువ కింది క్యాంపు మనిషి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ నిలిచినోళ్లు. నేను ఆయనను ఎన్నడూ చూడలే.

నా కోడలు మంజుల, “పోయి నోటితో అడుగరాదు మామా, రెండు అడుగుల దూరమేనాయె,” అన్నది. నేను పోనన్న. నోటితో అడిగితే హమాలి వచ్చిండనుకుంటరు. రాసి పంపితే రాసేటోడు వచ్చిండనుకుంటరు. ఒకసారి వద్దన్నంక నన్ను కదిలిచ్చుడు ఎవరితోని గాదు, అది మంజులకు ఎరుకే.

ఆమె ఇంట్ల జాకెట్లు కుడతది. గిరాకీలకు మెసేజులు రాయనీకి ఫోన్‌ల ఏఐ పెట్టుకున్నది. దాన్ని తీసి నా చేతికిచ్చింది. నేను ఒక్క వేలితోని ‘ఒక దర్ఖాస్తు రాయి’ అని కొట్టిన. అది రాయలే. ఏ ఉద్యోగం, ఎవరికి, నీ అనుభవమేంది అని తిరిగి నన్నే అడగవట్టె. రాయమన్నోన్ని నేను, ప్రశ్నలడిగేది అదా? మంజుల కుట్టు మిషన్ తొక్కుడు ఆపి, దాన్కి ఏం గావాల్నో మొత్తం విడమరిచి చెప్పాలె, దాన్నే ప్రాంప్ట్ అంటరని చెప్పింది.

“నిన్ననే పనిల చేరిన గుమాస్తా అనుకో మామా. నువ్వు చెప్పకపోతే వానికెట్ల తెలుస్తది?”

సరే అని మొత్తం చెప్పిన. బస్తాలు మోసింది, రాత్రి బడి, మోకాళ్లు. ‘ధాన్య రవాణా రంగంలో విస్తృత అనుభవం కలిగిన నేను’ అని మొదలుపెట్టింది. కూడబలుక్కొని చదివి, ఇతనెవరని మంజులను అడిగిన. నువ్వేనన్నది. రవాణా గాదు, బస్తాలు మోసిన, అట్లనే రాయమని దాన్కి మళ్ల చెప్పిన. క్షమించమని అడిగి ‘బస్తాల నిర్వహణలో నైపుణ్యం’ అని రాసింది. అదేమో క్షమాపణ అడుగుతది, నేనేమో వదల. పొద్దుగాల కూసుంటే, మంజుల అన్నానికి పిలిచే యాళ్లకు ‘బస్తాలు మోశాను’ అనే మాట దాని నోట్ల నుంచి వచ్చింది. అప్పుడు పంపినం. నా చిన్న ఫోన్‌ల వాట్సాప్ లేదు గనుక మంజుల నంబరే ఇచ్చినం.

ఆడికి ఆగితే బాగుండు. ఇంటర్వ్యూ గూడ దానితోనే ప్రాక్టీసు చెయ్యొచ్చని మంజుల అన్నది. నువ్వు మిల్లు సావుకారువి, నన్ను ప్రశ్నలడుగు అని చెప్తే సాలు, మనిషి లెక్క నోరు తెరిచి అడుగుతదట. నిజంగనే అడిగింది. మగ గొంతు. “నమస్కారమండీ, మీ గురించి కొంచెం చెప్తారా?” అని. మనం ఏంది, గిట్ల అనుకుంట మాట్లాడేటోళ్లం. అది మాత్రం అచ్చం క్యాంపు మాట.

నాకు నచ్చలే. హమాలికి నమస్కారం పెట్టే సావుకారును నేను ఎక్కడ చూసిన? గట్టిగ అడుగుమన్న. “సరేనండీ, ఇప్పుడు కఠినమైన యజమానిగా అడుగుతాను. దయచేసి మీ గురించి చెప్పండి,” అన్నది. ఇంక దానితోని ఏం చెప్పేది! అయినా రోజూ కూసున్న. ఆఖరికి అది నాకు మార్కులేస్తుండె, పదికి ఆరు, పదికి అయిదు అని. కోపమొచ్చి నేను గూడ దాన్కి మార్కులేసుడు మొదలుపెట్టిన.

మధ్యల అది ఒక్కోసారి ఆగిపోతుండె. అప్పుడు తెర మీద ఏది వెలిగితే దాన్ని వేలితోని జరుపుమని మంజుల చెప్పిపెట్టింది.

ఒకనాడు మనుమరాలు తొట్టెల నిద్రపోతున్నదని మంజుల ఫోన్ మోగకుండ పెట్టింది. నాకు ప్రాక్టీసు పెట్టిచ్చి కుట్టు మిషన్ కాడికి పోయింది. అది రెండు ప్రశ్నలడిగి టక్కున ఆగింది. చేతిల ఫోన్ వణికింది. పచ్చ గుర్తు వెలిగింది. కండ్లద్దాలు గూట్లనే ఉన్నయి. నేను వేలితోని జరిపిన. గొంతు సన్నగ వస్తుంటే చెవికి పెట్టుకున్న.

“నమస్కారమండీ. కాటా పనికి రాసింది మీరేనా? మీ గురించి కొంచెం చెప్తారా?”

“నిన్న చెప్పిన గద. రోజూ అదే ప్రశ్ననా?”

“నిన్నా? నాకు చెప్పారా అండీ?”

“గీ మర్యాదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? సావుకారంటే దబాయించాలె. తిట్టు నన్ను.”

“ఎందుకండీ తిట్టడం?”

ఇయ్యాల ఇది జర నేర్చిందే అనుకున్న. నిజంగ పరేషాన్ అయినట్టే మాట్లాడుతున్నది. సీజన్‌ల రాత్రిపూట గూడ ఉండగలరా అని అడిగితే, ఇది కొత్త ప్రశ్న, మంచిగున్నదని మెచ్చుకున్న. తర్వాత వయసడిగింది. వయసడిగేటోన్కి మనిషి విలువ తెల్వదని మందలించిన. ఆఖరికి, “ఇయ్యాలకు సాలు. నీకు పదికి నాలుగు. రేపు మంచిగ తయారై రా,” అని ఎర్ర గుర్తు నొక్కిన.

మంజుల కత్తెర పట్టుకొనే వచ్చింది. మొహం తెల్లబడ్డది. నా చేతిల నుంచి ఫోన్ గుంజుకొని చూసింది.

“మామా, నువ్వు మాట్లాడింది ఏఐ మిషన్‌తోని గాదు. ఇది మిల్లు నంబరు.”

నేను ఒప్పుకోలే. అండీ అన్నది, మిషనే అన్న.

“క్యాంపోళ్లు గూడ అండీ అంటరు మామా!”

నా కుర్చీ కండ్ల ముందర నుంచి పోయినట్టయింది. మంజుల గబగబ తిరిగి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది. మోగుతనే ఉన్నది, ఎవ్వరూ ఎత్తుతలేరు. అంతల తొట్టెల బిడ్డ లేచి ఏడ్చింది. ఆమె ఫోన్ నా చేతిల పెట్టి లోపలికి ఉరికింది. జరసేపటికి మోత ఆగిపోయింది. అప్పుడు ఫోన్‌ల నుంచి గొంతొచ్చింది.

“అండీ, మీరు ఇంకా ఉన్నారా?”

నేను లేచి నిలబడ్డ. నేను కూసున్న స్టూలు మీద ఫోన్ పెట్టి రెండు చేతులు జోడించిన. తప్పయింది సావుకారూ, మిమ్మల్ని మిషననుకున్న అన్న. కాటా రూము, ఫ్యాను, చీటీ, నా రాత్రి బడి, ఎవ్వరికీ చెప్పనిదంత చెప్పిన. ఒక్క మాట అడ్డం రాకుండ విన్నది. విన్నడు అనుకున్న నేను.

“పర్వాలేదండీ. మీ నిజాయితీ నాకు బాగా నచ్చింది. మీలాంటివారే మా మిల్లుకు కావాలి. రేపే పనిలో చేరండి.”

మంజుల బిడ్డను ఎత్తుకొని వచ్చేసరికి నేను కండ్లు తుడుచుకుంటున్న. మాట్లాడింది ఆయనేనా అని అడిగింది. “అండీ అన్నడు గద,” అన్న. ఆమె సంబరపడి తీపికి రవ్వ షీరా చేసింది.

తెల్లారి ఇస్త్రీ అంగి తొడుక్కొని, జేబుల కొత్త పెన్ను పెట్టుకొని పోయిన. కాటా రూముల ఫ్యాను తిరుగుతున్నది. కుర్చీల ఎవరో యాపలదిన్ని ఊరి అతను కూసొని ఉన్నడు. లేవయ్యా, అది నా జాగ అన్న. అతను లేవలే. నేను తలుపు విడువలే. గొడవ విని సావుకారు వచ్చిండు.

“మిమ్మల్ని ఎవరు రమ్మన్నారండీ?”

అదే గొంతు. మాట నిజంగ ఆయన నోట్లనుంచే వస్తున్నదా అని జరసేపు ఆయన పెదవులనే చూసిన. మీరే రమ్మన్నరు, నా నిజాయితీ నచ్చిందన్నరని చెప్పిన. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసిండు.

“నాకు పదికి నాలుగు వేసింది మీరేనా?”

నేనే అన్న.

“ఎందుకు తగ్గాయి మార్కులు?”

“మీరు తిట్టలేదు గద, సావుకారూ.”

అప్పుడు తిట్టిండు. లారీలు కాటా మీద నిలబెట్టుకొని, హమాలీలందరి ముందర, మధ్యల ఒక్క అండీ లేకుండ తిట్టిండు. ఇదీ సావుకారితనమంటే అనిపించింది. పదికి తొమ్మిది ఇయ్యొచ్చు. కానీ ఈసారి నోరు మూసుకున్న.

తిట్టి అలిసినంక, అసలు సంగతి ఏందో చెప్పుమన్నడు. చెప్పిన. సగంల ఆయనకు నవ్వొచ్చింది. ఫోన్ మోత ఆగినంక మాట్లాడింది ఆ ఏఐనేనట, నేను మొక్కింది దాన్కేనట. కానీ ముందురోజు నా ఫోన్ పెట్టేసినంకనే యాపలదిన్ని అతనికి మాటిచ్చిండట. ఆ మాట తప్పనన్నడు. చదువొచ్చా అని అడిగితే, నిలబడ్డ లారీ నంబరు చదివి చూపిచ్చిన.

ఇప్పుడు నేను మిల్లు గేటు కాడ స్టూలు మీద కూసుంటున్న. వచ్చిన లారీ నంబరు చదివి కేక వేస్త. యాపలదిన్ని అతను ఫ్యాను కింద కూసొని చీటీ రాస్తడు. రాసేది నా కొత్త పెన్నుతోనే. అతనికి పెన్ను లేకుంటే నేనే ఇచ్చిన.