పదికి పది అన్న మనిషి

మాకు పాఠం చెప్పడానికి వచ్చిన తెల్ల టీచరమ్మ కాగితాల్లో ‘విదేశాల్లోని మానసిక ఆరోగ్య కార్యకర్తలకు క్లుప్త చికిత్స పరిచయం’ అని రాసి ఉంది. ఆ విదేశం మేమే. హోసూరులో ఒక కల్యాణ మండపం మేడమీద, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఇరవై మంది ఆడవాళ్లం. కౌన్సెలింగు నా ఉద్యోగం. కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆమె మాటలు తెలుగులో చెప్పే పని కూడా నా నెత్తినే పడింది.

మూడు నాలుగు సార్లు కూర్చుని మాట్లాడితే చాలు, మనిషి తేరుకుంటాడట. కష్టాన్ని తవ్వకూడదు, బాగున్నదేదో అడగాలి. మా వైపు పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లే మూడు గంటలు కూర్చుంటారు, అందులో రెండున్నర గంటలు కష్టాలే. ఈ సంగతి టీచరమ్మకు చెప్పలేదు. పాపం, మా సాంబారుకే అప్పటికి కళ్లనీళ్లు పెట్టుకుని ఉంది.

రెండో రోజు స్కేలు ప్రశ్న నేర్పింది. సున్నా అంటే బతుకు అస్సలు బాగాలేదు, పది అంటే అంతా బాగుంది. మీరు ఎక్కడున్నారు? రెండు. ఒకటిన్నర. మళ్లీ రెండు. కెలమంగలం నుంచి వచ్చిన ఆమెకు పట్టుగూళ్ల పంట బాగా వచ్చింది, కూతురికి ఉద్యోగం దొరికింది. ఆమె కూడా రెండే!

టీచరమ్మ బెంబేలెత్తిపోయింది. “ఏమమ్మా, నీకు కూడా రెండేనా?” అని నేను గదిమితే, కెలమంగలం ఆమె నన్నే కసిరింది. “ఎక్కువ చెప్తే దిష్టి తగల్దా? ఈడ ఇంతమంది వింటా ఉండారు!”

ఎవరేం చెప్పినా ఒక ఐదు కలుపుకోండి అని టీచరమ్మకు వివరించాను. నవ్వి రాసుకుంది.

తర్వాత కల్లావి నుంచి వచ్చిన కార్యకర్త లేచి “పది” అంది. నవ్వుతూనే అంది. టీచరమ్మ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

భోజనాల దగ్గర కల్లావి ఆమె చెప్పిన పది గురించే ఆలోచించాను. దిష్టికి భయపడేది పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లు. ఈమెకు ఆ భయం ఏమైంది? అటు చూస్తే, ఆమె తన కొత్త గొడుగు పక్కామె చేతిలో పెడుతోంది. “నాకెందుకులేమ్మా, నువ్వే పెట్టుకో.”

సాయంత్రం బస్టాండులో ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేర్చుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, మా మాటలోనే అడిగాను.

“నిజం చెప్పమ్మా. సచ్చిపోవాలని అనుకుంటా ఉండావా?”

“బస్సు పోతాదక్కా.”

“పోనీ.”

బస్సు వెళ్లిపోయింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ రోజు మా ఇంటికి తీసుకుపోయాను, మరుసటి రోజు డాక్టరు దగ్గరకు. వాళ్ల అక్కను పిలిపించాం. మూడు నాలుగు సార్లతో తేలలేదు, ఏడాది పైనే పట్టింది.

ఇప్పుడు ఫోను చేసి ఎట్లుండావమ్మా అంటే, “ఏం బాగక్కా, నడుము పట్టేసింది, కోడి పోయింది, ఏదో ఉండాను” అని మొదలుపెడుతుంది. ఒక్కదానికీ అడ్డు చెప్పను. విన్నంతసేపూ నాకు ప్రాణం లేచివస్తుంది.