కొత్త అద్దం మీద స్టిక్కర్

శుక్రవారం, టార్నీట్.

ఈ పరాయి దేశంలో మా పక్కింటావిడ, మేం అక్కా అన్నట్టు ‘ఆపా’ అని పిలిచే మనిషి, నిన్న ఉదయం గుండె ఆగి కన్నుమూశారు. నేను ఆ ఇంటికి వెళ్లి వచ్చాను. మా మనవరాలు వెళ్లకూడదు. ఆపాతో మాట్లాడకూడదని, ఆ గేటు దాటకూడదని కోర్టు ఉత్తర్వు. మనిషే లేనప్పుడు ఆ ఉత్తర్వు ఉన్నట్టా, లేనట్టా? ముగ్గురిని అడిగాను. మూడు జవాబులు వచ్చాయి. ఏమీ తోచక, ఆపాను తలచుకుంటూ ఇది రాస్తున్నాను.

ఇరవై మూడేళ్ల మా మనవరాలికి లేని గొంతులు వినిపించే జబ్బు. పోయిన వేసవిలో మందులు మానేసింది. ఆపా ఇంట్లో ఎవరినో బంధించారని, వాళ్లు ఏడుస్తున్నారని నమ్మి, పూలకుండీతో ముందు కిటికీ పగలగొట్టింది. ఆపా అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు.

"బిడ్డకు బాగలేదు, దవాఖానకు తీస్కపోన్రి అన్న టీచరమ్మా. ఆళ్లు బేడీలు ఏసిన్రు," అని ఆపా ఆ రోజు మా వంటింట్లో కూర్చుని ఏడ్చారు.

తర్వాత నాలుగుసార్లు కోర్టుకు వెళ్లాం. నాలుగుసార్లూ వాయిదా. ఏ రోజు ఎవరు ఏమన్నారో నా నోటుబుక్కులో ఉంది. ఎందుకన్నారో మాత్రం లేదు. ప్రతిసారీ ఆపా వెనక వరసలో, మాకు దూరంగా కూర్చునేవారు. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "నాకు హాజరు ఏసుకున్నవా?" అని నవ్వేవారు.

"కిటికీ నాది. కోపమొస్తే నాకు రావాలె. నాకే రానప్పుడు ఈ కేసు ఎవల్ది?" అని ఒకసారి అడిగారు. పోలీసులదని లాయరు చెప్పాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు అది ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ కిటికీకి వేయించిన కొత్త అద్దం మూలన కంపెనీ స్టిక్కర్ ఉండిపోయింది. అలాంటివి కంటపడితే నేను ఊరుకోలేను. పీకబోతే ఆపా నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండనియ్యి. కేసు అయిపోయినంక మీ బిడ్డనే వచ్చి పీకాలె. అప్పుడు చాయ్ తాగుదాం."

ఒకరోజు ఫెన్సు మీదుగా ఆపా చెయ్యి ఊపితే మనవరాలూ ఊపబోయింది. నేనే దాని చెయ్యి కిందికి దించాను. నియమం ప్రకారమే చేశాను. సరిగా చేశానో లేదో తెలియదు.

నిన్న అది అడిగింది: "అమ్మమ్మా, ఆపాకి నేను సారీ చెప్పలేదు. నాట్ వన్స్. శాడ్‌గా ఉండటం కూడా కోర్టు ఆర్డర్ బ్రీచేనా?"

"ముందు అన్నం తిను," అన్నాను.

ఇక జరగవలసినవి:

1. సోమవారం లాయరును అడిగి, గేటు దాటవచ్చో లేదో కాగితం మీద రాయించుకోవాలి.
2. అంతవరకు మనవరాలు గేటు దాటదు. ఎంత ఏడ్చినా.
3. మంగళవారం కోర్టు. శిక్ష వద్దు, వైద్యం చేయించమని లాయరు అడగాలి. డాక్టరు రిపోర్టు నా సంచిలోనే ఉండాలి.
4. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు ఆ స్టిక్కర్ పీకవద్దని ఆపా కొడుకుతో ఈరోజే చెప్పాలి. ఎండకు దాని అంచు ఒకటి అప్పుడే లేస్తోంది.