గోధుమ చేన్ల డ్రోన్ పొట్లం

ఏటా మా రేగొండకు వరికోత మిషన్ తోలుకొచ్చే బల్బీర్‌సింగ్ పిలిస్తే, పంజాబ్‌ల వాళ్ళ ఊరికి పోయిన. బార్డర్ పక్కనే ఉంటది. ఆయన కోతకొచ్చిన గోధుమ చేన్ల మిలిటరోళ్ళు వరుసగట్టి తిరుగుతున్నరు. అవతలి దేశపు డ్రోన్ మత్తుమందు పొట్లం పడేసిందట. ఒక్క పొట్లానికి ఇంత పటాలం, తుపాకులు, ముందల ఓ కుక్క! దొరికింది మాత్రం ఏం లేదు, అప్పటికే సగం చేను నేలపాలు.

బల్బీర్ గట్టు మీద నిలబడి, చేతులు జోడించి, నవ్వుకుంట అచ్చం మా రేగొండ తెలుగుల అన్నడు: "తొక్కున్రి నాయినా, మంచిగ తొక్కున్రి. పొట్లం తీస్కపోయెటోడు పొద్దుగాల్నే బండి మీద పాయె. మీ పరేడ్‌కు నా చేనే దొరికిందా?"

పంజాబీల తిడితే పట్టుకపోతరు. అందుకే మనోడు మన భాషను వాడుకుంటున్నడు.

ఆఫీసర్ నన్ను హిందీల అడిగిండు: "ఏమంటున్నడు?"

అబద్ధం నాకు మంచినీళ్ళు తాగినంత పని. "దేశం కోసం నా చేను పోతే పోనీ సాబ్ అంటున్నడు" అన్న.

ఆఫీసర్ పొంగిపోయి బల్బీర్ భుజం తట్టిండు. "శభాష్! ఇసొంటి దేశభక్తుని చేను సగంల ఇడిసిపెడుతమా?" అని జవాన్లను మిగిలిన సగంలకు తోలిండు.

బల్బీర్ నవ్వు చెదరనియ్యకుంటనే నా దిక్కు తిరిగిండు.

"అన్నా, నువ్వు నోరు మూస్కుంటే ఆ సగమన్న ఇంటికొచ్చేది."