ఎర్రగుడ్డ లేని గిన్నె

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే కాలికో బైండింగు చేసిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ఎన్నేళ్లదో గానీ ఒక్క పేజీకీ పురుగు పట్టలేదు. అమ్మేవాడు అది తన గొప్పేనన్నట్టు చెప్పుకుంటున్నాడు గానీ, ఆ గొప్ప మైలుతుత్తానిదని నాలాంటి బైండర్ల ఇళ్ల ఆడపిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

నాంపల్లిలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందుగదిలో నాన్న, అన్నయ్య బైండింగు చేసేవారు, వెనకగదిలో వంట. అట్టలు అంటించడానికి మైదాపిండితో లై ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్లం. అది విషం కనుక ఆ గిన్నె చెవికి ఎప్పుడూ ఎర్రగుడ్డ కట్టి ఉండాలన్నది మా ఇంట్లో దేవుడి మాటకన్నా గట్టి మాట. లై కలిపే పని నాది. పదిహేనేళ్లదాన్ని, పని మీదకన్నా పరధ్యానం మీద శ్రద్ధ ఎక్కువ.

ఒకనాడు చేతికంటిన లై తుడుచుకోవడానికి ఆ గుడ్డే విప్పి, గిన్నెను కడిగీ కడగనట్టు వదిలేసి, స్నేహితురాలితో గాజులు కొనుక్కోవడానికి వెళ్లిపోయాను. కాపురానికొచ్చి ఆరు నెలలైనా కాని మా వదిన, గుడ్డ లేని గిన్నే కదా అని అందులో పప్పు వండింది. ముందుగా తిన్న అన్నయ్య నాలుగు ముద్దలకే వాంతులతో దవాఖాన పాలయ్యాడు. అక్కడ కడుపు కడిగి బతికించారు.

“గిన్నెకు గుడ్డ లేకుండె అత్తమ్మా” అని వదిన ఎంత మొత్తుకున్నా అమ్మ నమ్మలేదు. చివరికి నా వైపు తిరిగి, “నువ్వు చెప్పు, గుడ్డ ఉండెనా లేకుండెనా?” అని అడిగింది. నాన్న చేతి దెబ్బలు గుర్తొచ్చి, “ఉండె” అన్నాను.

ఆ సాయంత్రమే వదినను పుట్టింటికి పంపేశారు. మొగుడికి విషం పెట్టిందన్న మాట ఆమెకన్నా ముందే ఊరు చేరింది. అన్నయ్య ఒంట్లోని విషాన్ని కక్కించారు గానీ, నేను ఊళ్లోకి వదిలినదాన్ని కక్కించేవాళ్లు ఎవరూ లేకపోయారు. నేనే చెప్పాలి, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. నాన్న పోయాడు, అమ్మ పోయింది, అన్నయ్యా పోయాడు. ఇక భయపడటానికి ఎవరూ మిగలని ఈ వయసులో ధైర్యం తెచ్చుకుని ఆమె ఊరు వెళితే, పోయి మూడేళ్లయిందన్నారు.

ఇప్పుడు గమ్ము డబ్బాల్లో వస్తోంది. మా ఇల్లున్న చోట ఫోన్ల దుకాణం వెలిసింది. అంతా మారిపోయిందని మన వయసువాళ్లం నిట్టూరుస్తుంటాం గానీ, వదినకు మాత్రం ఏమీ మారలేదు. ఆఖరిదాకా పుట్టింట్లో ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదట. ఆమె కలిపిన ముద్ద ఆ ఇంట్లో ఏ పిల్లా తినలేదట.