కొత్త రైఫిల్‌కి నచ్చిన తూటా

కొత్త రైఫిల్ వచ్చిన రోజు ఆ పొడుగాటి పెట్టెని చూసి మా ఆయన "వీణ కొన్నావా?" అన్నాడు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు. నెలల తరబడి ఎదురుచూసిన రైఫిల్ అది. లావుపాటి బరువైన బారెల్, నా భుజానికి తగ్గట్టు జరుపుకోగలిగే వెనకభాగం. వేటకి పనికిరాదు, మోసుకు తిరగడానికి అసలే పనికిరాదు. దూరంగా కాగితం మీద గీసిన వలయాల్ని కొట్టడం ఒక్కటే దాని పని.

అప్పటికి నాకు యాభై దాటాయి. చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీర్‌ని. ఈ దేశం సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది ఆఫీస్‌లో ఒకావిడ సరదాగా తుపాకులు కాల్చే రేంజ్‌కి రమ్మంది. వెళ్ళాను, ఇక వదల్లేదు. చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ మీద వేలు ఆనించినప్పుడు మీటింగులూ గుర్తుండవు, మెయిళ్ళూ గుర్తుండవు. ఉద్యోగంలో చేరాక నా బుర్ర అంత ఖాళీగా ఉండటం అదే మొదలు.

డాక్టర్‌గారు కూడా రేంజ్‌లోనే పరిచయమయ్యారు. గుంటూరు నుంచి పంతొమ్మిదొందల డెబ్బైల్లో వచ్చి, మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పక్క చాప మీద పడుకున్న ఆవిడ నోట తెలుగు విని ఎగిరి గంతేసి "ఆంటీ!" అన్నాను. "ఇంకోసారి ఆంటీ అన్నావంటే నీ టార్గెట్ మీద కాల్చి నీ స్కోర్ పాడుచేస్తా" అన్నారు. అప్పటినుంచీ "డాక్టర్‌గారూ" అనే పిలుస్తున్నాను. ఆవిడ నన్ను "అమ్మాయ్" అంటారు.

కొత్త రైఫిల్‌ని మొదటిసారి రేంజ్‌కి తీసుకెళ్ళినప్పుడు షాపులో కొన్న తూటాలు వాడాను. దగ్గరి టార్గెట్ మీద కూడా రంధ్రాలు గుప్పెడు మినుములు విసిరినట్టు చెదిరిపోయాయి. నా మొహం చూసి డాక్టర్‌గారు పకపకా నవ్వారు.

"రైఫిల్‌కేం కాలేదు అమ్మాయ్. నువ్వు దానికి రెడీమేడ్ జాకెట్ తొడిగావు. కొలతలు తీసి కుట్టాలి."

అంటే తూటాలు సొంతంగా తయారుచేసుకోవాలన్నమాట. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్ అంటే తుపాకీ మందు, మూతిలో బిగించిన బుల్లెట్. కాల్చాక కేసు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, ప్రెస్‌లో పెట్టి మళ్ళీ పాత కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టుకోవచ్చు. పౌడర్ ఎంత పోయాలి, బుల్లెట్ ఎంత లోతుకి దించాలి అన్నది రైఫిల్ రైఫిల్‌కీ మారుతుంది. నా రైఫిల్‌కి ఏది నచ్చుతుందో కనిపెట్టాలి.

"పౌడర్ కంపెనీ పుస్తకంలో ఉన్న కనీసంతో మొదలుపెట్టు. కొంచెం కొంచెంగా పెంచు. వాళ్ళు రాసిన హద్దు దాటావంటే నాతో మాట్లాడకు" అన్నారు డాక్టర్‌గారు. "నా జీవితమంతా మందు కొలవడమే కదా. సరిపోయేదానికీ ఎక్కువయ్యేదానికీ మధ్య ఎంత సందుందో నాకు తెలుసు."

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక ఖాళీగా ఉన్న గదిలో టేబుల్ వేయించాను. గరాజ్‌లో పెడదామంటే మా ఎండలకి అది కుంపటే. ఆ గదిలోకి ఫోన్ తీసుకెళ్ళేదాన్ని కాదు. టేబుల్ మీద ఒక్క రకం పౌడర్ డబ్బా తప్ప ఇంకోటి ఉండేది కాదు. ప్రెస్ పిడి కిందికి లాగినప్పుడు కేసు మెత్తగా జారి లోపలికి వెళ్ళడం, స్కేల్ మీద చిన్న గిన్నెలో చివరి పలుకు పడగానే అంకె ఆగిపోవడం, బుల్లెట్ నిటారుగా దిగి కూర్చోవడం, అన్నీ నాకు పండగే. మొదటి పెట్టె నిండాక మూత తీసి మా ఆయనకి చూపించాను. "బొబ్బట్లు చేసినప్పుడు కూడా ఇంత గర్వంగా చూపించలేదు నువ్వు" అన్నాడు.

రేంజ్‌లో ఒక్కో పౌడర్ బరువుకీ ఒక్కో టార్గెట్ పెట్టి కాల్చాను. మొదటివి చెదిరాయి. తరవాతవి కాస్త దగ్గరయ్యాయి. ఇంకాస్త పెంచాక ఒక బరువు దగ్గర రంధ్రాలు ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయి. దొరికేసింది! ఆ వారం ఆఫీస్‌లో కూడా అదే ధ్యాస. మీటింగ్ మధ్యలో నాలో నేను నవ్వుకుంటుంటే మేనేజర్ "గుడ్ న్యూస్?" అని అడిగాడు.

అదే బరువుతో పెట్టెడు తూటాలు తయారుచేసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి రంధ్రాలు నిలువుగా, పైకీ కిందకీ బారుగా పడ్డాయి. ఇంకో టార్గెట్ మీదా అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టర్‌గారు టెలిస్కోప్‌లోంచి తల ఎత్తకుండానే అడిగారు. "పక్కలకి పోవట్లేదు. అంటే గాలి కాదు, నువ్వూ కాదు. ఒక్కో తూటా ఒక్కో వేగంతో పోతోంది. పౌడర్ సరిగ్గా తూచావా?"

"ఒక్కొక్కటీ తూచానండీ. నా ఉద్యోగమే కొలవడం!"

"అయితే రేపు మీ ఇంటికొస్తా. పెసరట్టు వెయ్యి, ఉప్మాతో."

మర్నాడు టిఫిన్ అయ్యాక ఇద్దరం ఆ గదిలో కూర్చున్నాం. పౌడర్ పక్కన పెట్టేసి, స్కేల్‌తో వచ్చిన చిన్న ఇత్తడి బరువుని దాని మీద పెట్టించారావిడ. తీసి పెట్టాను, తీసి పెట్టాను. ప్రతిసారీ అదే అంకె. "చూశారా!" అన్నాను కాస్త కోపంగానే.

అప్పుడే మా ఆయన తలుపులోంచి తొంగిచూశాడు. "ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నారండీ? ఏసీ పెంచుతా ఉండండి" అని హాల్లోకి వెళ్ళి మీట నొక్కాడు. పైన వెంట్‌లోంచి చల్లగాలి బుస్సుమంది. స్కేల్ మీద అంకె కదిలింది. బరువు అలాగే ఉంది, అంకె మాత్రం ఊగుతోంది. కాసేపటికి ఏసీ ఆగింది, అంకె మళ్ళీ మొదటికొచ్చింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తూచడానికి అడ్డమని, గాలి తగలకుండా స్కేల్‌తో ఇచ్చిన గాజుమూత నేనే తీసి షెల్ఫ్‌లో పెట్టాను! మొదటి తూటాలు పొద్దున్నే, ఏసీ వేయకముందు చేసినవి. రెండోసారి మధ్యాహ్నం, ఏసీ నడుస్తుండగా కూర్చున్నాను.

"ఏమండీ!" అని నేను పెట్టిన కేకకి మా ఆయన హడిలిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఏం పేలింది?"

"ఏం పేల్లేదు! మీరు కనిపెట్టేశారు!"

"ఏం కనిపెట్టాను?" పాపం ఆయనకేమీ అర్థం కాలేదు. డాక్టర్‌గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఈయన్ని నా ఆపరేషన్ థియేటర్‌లో పెట్టుకోవాల్సింది" అన్నారు.

వెంట్ మూసేసి, మూత పెట్టి, ఆ బరువుతోనే మళ్ళీ తయారుచేశాను. శనివారం తెల్లవారేసరికే రేంజ్‌లో ఉన్నాం. ఎడారి కొండల మీద ఎండ ఇంకా పసుపుగానే ఉంది, గాలి కదలట్లేదు. మొదటిది కాల్చాను. రెండోది. డాక్టర్‌గారు టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూస్తున్నారు. మూడోది కాల్చాక ఉండబట్టలేకపోయాను.

"ఎక్కడ పడిందండీ?"

"కనబడట్లేదు."

"కాగితం దాటిపోయిందా?"

"కాదమ్మాయ్! మొదటి రంధ్రంలోంచే పోయింది! మాట్లాడకు, కాల్చు!"

కాస్త ఆగి, ఊపిరి సర్దుకుని మిగతా రెండూ కాల్చాను. రేంజ్ వాళ్ళు అందరి కాల్పులూ ఆపించి ముందుకి వెళ్ళొచ్చని చెప్పగానే దాదాపు పరిగెత్తాను. కాగితం మీద ఒకే ఒక చిరుగు, పువ్వు ఆకారంలో. వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన డాక్టర్‌గారు దాన్ని తడిమి చూసి, నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి దాని మీద అంటించారు. అయిదు రంధ్రాలూ దాని కింద దాక్కున్నాయి. అక్కడే, టార్గెట్ల మధ్య, ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. పక్క లేన్ పెద్దాయన కాగితాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి టోపీ తీశాడు.

తరవాతి నెల క్లబ్ పోటీలో ఆ తూటాలతోనే కాల్చాను. దూరం చాలా ఎక్కువ, మధ్యాహ్నానికి గాలి కూడా లేచింది. గాలిని చదవడం నాకింకా రాదు, రెండు షాట్లు కుడివైపుకి కొట్టుకుపోయాయి. కానీ ఒక్కటీ పైకి పోలేదు, కిందికి పోలేదు. అన్నీ ఒకే ఎత్తులో, ముగ్గు చుక్కల్లా వరసగా. నాకు నాలుగో స్థానం వచ్చింది. డాక్టర్‌గారికి అయిదోది.

ఆవిడ స్కోర్ కాగితాన్ని రెండుసార్లు చూశారు. "బానే ఉంది" అన్నారు. తరవాత నా పెట్టె తెరిచి, మిగిలిన ఒక్క తూటా తీసి ఎండలో తిప్పి తిప్పి చూసి, మళ్ళీ జాగ్రత్తగా దాని చోట్లో పెట్టారు.

"అమ్మాయ్, బుల్లెట్ ఎంత లోతుకి దించావు?"

"చెప్పనండీ" అన్నాను.


ఆవిడ నా వీపు మీద ఒక్కటిచ్చారు. ఇద్దరం నవ్వుకుంటూ నీడ వెతుక్కుని పులిహోర డబ్బా తెరిచాం.